మీట నొక్కితే మాట

మోటారు కాలిపోయిందని రైతు రాసిన ఉత్తరానికి జవాబు మొదలుపెట్టేటప్పుడు నా వేలు దానంతట అదే ఒక మీట మీదికి పోతుంది. నొక్కగానే తెర మీద ఒక నిండు వాక్యం వచ్చి కూర్చుంటుంది: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. అక్షరం తప్పదు, ఒత్తు జారదు, చివర చుక్కతో సహా అన్నీ అమరి ఉంటాయి. కొన్నాళ్లుగా ఆ వాక్యం నన్ను కుదురుగా కూర్చోనీయడం లేదు. నంద్యాల దగ్గర ఒక రైతు, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు బోరు మోటారు కాలిందని రాశాడు. ఆ తడి అందకపోతే గింజ నిండదు, గింజ నిండకపోతే ఆ పంటకు పెట్టిన అప్పు తీరదు. ఇంత సంగతి రెండే రెండు ముక్కల్లో రాశాడాయన. దాని మీద నేను పరిచినది ఆ వాక్యం. మాట చిన్నదైపోయిందన్నది ఒక బాధ. అంతకంటే నన్ను పట్టి లాగేది ఇంకొకటి: ఆ వాక్యంలో చింతిస్తున్నది ఎవరు? వాక్యాన్ని ఎప్పుడో ఒకనాడు దాచిపెట్టుకున్నాను. ఆనాడు ఈ రైతు నాకు తెలియడు, ఈ చేను తెలియదు. ఈనాడు మీట నొక్కిన క్షణంలో నా మనసులో ఉన్నది కొరియరు వివరాలు. మరి ఆ చింత ఎక్కడ పుట్టి ఎక్కడికి వెళ్లింది?

నేను పనిచేసేది సూలూరులో, కోయంబత్తూరు నుంచి తిరుచ్చికి పోయే రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న పంపుల కంపెనీలో. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి డీలర్లూ రైతులూ రాసేవాటికి తెలుగులో బదులు రాయడం నా వంతు. బ్రౌజరుకు తగిలించుకునే చిన్న పనిముట్టు ఒకటుంది, ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు క్లిప్పింగ్స్. పదే పదే రాయవలసిన ముక్కలన్నీ అందులో దాచుకోవచ్చు, వాటిని అరలు అరలుగా సర్దుకోవచ్చు, ఒక్కోదానికి రంగు పెట్టుకోవచ్చు. రాస్తున్న చోట మౌసు కుడి మీట నొక్కితే ఆ అరలు విచ్చుకుంటాయి. అంత ఓపిక లేనివాళ్లకు ఆల్ట్, షిఫ్ట్, వై మూడూ కలిపి నొక్కి ఆపైన ఒక్క అక్షరమో అంకెనో నొక్కితే చాలు, దానికి కట్టిపెట్టిన ముక్క దిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు 10, వెరసి 36 మీటలు. అరల్లో ఎన్ని వాక్యాలైనా పడి ఉండవచ్చుగాని చేతికి తక్షణం అందేవి 36 మాత్రమే. మనిషి రోజువారీ మాటల్లో ముందువరస ఎవరికివ్వాలి? ఈ లెక్క మొదట ఆఫీసు లెక్కలాగే కనిపించింది నాకు. సర్దడానికి కూర్చున్నాక, నేను ఎదుటివాళ్లతో మాట్లాడే తీరునే బల్ల మీద పోసుకుని ఏరుతున్నానని తెలిసింది.

రాసినదాన్నే మళ్లీ రాయక్కర్లేదన్న సుఖం కంప్యూటర్లకు 1970లలోనే వచ్చింది. జిరాక్స్ వారి పార్క్ పరిశోధనాలయంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే రాత పరికరాన్ని తయారుచేశారు. ఒక ముక్కను కత్తిరించి, ఇంకోచోట అతికించే పద్ధతి, మనం ఇవాళ ఆలోచించకుండా చేసే పద్ధతి, దాంట్లో రూపు దిద్దుకుంది. టెస్లర్ 2020లో కన్నుమూశాడు. ఆ సుఖం అందరికీ సుఖమేగాని తెలుగు రాసేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాల మీట మీద తెలుగు కూర్చుకోవడంలో ఒత్తులు, దీర్ఘాలు, సున్నలు అన్నిటినీ ఆగి చూసుకోవాలి. అందులోనూ నాలాంటివాళ్లకు తెలుగు లిపి బడిలో వచ్చింది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. కాబట్టి సరిగ్గా రాసిన ఒక తెలుగు వాక్యం నా చేతికి దొరికితే దాన్ని పారేయబుద్ధి కాదు, భద్రంగా దాచుకోవాలనిపిస్తుంది. నా అరలు నిండిపోయింది బద్ధకంతోనా, ప్రేమతోనా అని నన్ను నేను అడిగితే రెండో జవాబే నిజమనిపిస్తుంది.

ఈ ఊళ్లో తెలుగు ఎందుకుందో తెలియనివాళ్లు బయట చాలామంది ఉన్నారు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాత మదురై నాయకుల కాలంలోనూ దక్షిణానికి కదిలిన కుటుంబాలు నొయ్యలు నది చుట్టుపక్కల, నల్లరేగడి పొలాల్లో, మగ్గాల ఊళ్లలో నిలిచిపోయాయి. సూలూరు పక్కనే కలంగల్ అనే పల్లె. అలాంటి ఇంటివాడైన జి.డి. నాయుడు 1893లో పుట్టింది అక్కడే. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య మొదలుపెట్టిన మనిషి, తర్వాత యూఎంఎస్ పేరుతో బస్సుల సంస్థను నడిపాడు. 1937లో పీళమేడులో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఈ దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారును బయటికి తెచ్చాడు. ఆ మోటారు వెనకాలే పంపులు, పంపుల వెనకాలే ఈ ప్రాంతమంతా వర్క్‌షాపులు. ఇక్కడ పోతపోసి, వైండింగ్ చుట్టి, పెట్టెలో పెట్టిన మోటారు అనంతపురం బోర్లలోకి, నిజామాబాదు పసుపు చేలలోకి పోతుంది. అది కాలితే మళ్లీ తెలుగులోనే మా దగ్గరికి వార్త వస్తుంది. వలస వచ్చిన భాష, ఎగుమతి అయిన ఇనుము, రెండూ నా తెర మీద ఎదురుపడతాయి. పైన వైమానిక స్థావరం నుంచి లేచిన తేజస్ విమానం ఊరంతా అదిరేట్టు పోతుంటే, నేను కింద ఎన్ని అడుగుల బోరు, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు అని అడుగుతూ కూర్చుంటాను.

నా తెర పక్కన ఒకనాడు మా అవ్వ వచ్చి నిలబడింది. ఒక్క మీటకు నాలుగు వరసలు రాలడం చూసి, "ఏంది అమ్మణీ, అదే రాసేస్తా ఉందే! నువ్వు చెప్పేదేమీ లేదా?" అని అడిగింది. నేను ముందే రాసిపెట్టుకున్నవి అవ్వా అన్నాను. "మీ తాత జాబులు అట్లనే ఉండె. మొదలూ కడా ఎప్పుడూ ఒకటే" అని వెళ్లిపోయింది. అవ్వ చెప్పింది నిజమే. తాత రాసిన కార్డులు కొన్ని ఇనప పెట్టెలో ఉన్నాయి. భాష తెలుగు, లిపి తమిళం. క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి గాలి వీచిందో కాలికి దెబ్బ తగిలిందో ముందూ వెనకా చూసి పోల్చుకోవాలి. కానీ మొదటి వరస మాత్రం ఎప్పుడూ తడుముకోకుండా చదవొచ్చు. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమానికి జాబు రాయవలెను. కార్డు మారినా ఆ వరస మారదు. ఆ కాలంలో పెద్దబాలశిక్ష ప్రతుల్లో కూడా ఎవరికి ఏమని సంబోధించి రాయాలో నేర్పేవారు. తండ్రికి ఒక తీరు, గురువుకు ఒక తీరు, చిన్నవాళ్లకు ఒక తీరు. మహారాజశ్రీ అని మొదలై ఉభయకుశలోపరి మీదుగా ఇట్లు విధేయుడు దాకా, మధ్యలో అసలు సంగతికి రెండు వేళ్ల జాగా మిగిలేది.

చిన్నప్పుడు ఆ మొదటి వరస మీద నాకు విసుగుండేది. అందరూ క్షేమమే అయితే ఆ మాట ఎందుకు, సంగతి చెప్పరాదా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ కార్డులు చేతిలో పట్టుకుంటే వేరే సంగతి తోస్తుంది. దూరం నుంచి కార్డు వచ్చిందంటే ఇంట్లోవాళ్ల గుండె ముందు జారేది. చదవడం వచ్చినవాళ్లను వెతికి తెచ్చేలోగా అందరి ముఖాలూ వాడిపోయేవి. ఆ స్థితిలో విననున్న మొదటి వాక్యం ఏమై ఉండాలి? ఎవరికీ ఏమీ కాలేదు, ఊపిరి పీల్చుకోండి అన్నదే. ఆ పని చేయడానికి మాట కొత్తది కాకూడదు. కొత్తగా ఉంటే అనుమానం వస్తుంది, ఇన్నాళ్లూ లేని మాట ఇప్పుడెందుకని. ఎప్పటి మాటే ఎప్పటి చోటే ఉందంటే లోకం ఉన్నచోటే ఉందని అర్థం. అంటే అచ్చులాంటి వాక్యం చల్లబడిన వాక్యం కానక్కర్లేదన్నమాట. దానికి చేయవలసిన పని ఒకటుండి, ఆ పని అది చేస్తున్నంతకాలం అది బతికున్నట్టే. మరి నా చింతిస్తున్నాము ఏ పని చేస్తోంది? రైతు దాన్ని చదివి ఊపిరి పీల్చుకుంటాడా? నాకు అనుమానమే.

టపా ఆఫీసు ఇంకో అడుగు ముందుకు వేసింది. శుభాకాంక్షల తంతికి వాక్యాలు ముందే సిద్ధంగా ఉండేవి, ఒక్కోదానికి ఒక అంకె. పెళ్లికైతే ఈ అంకె, పండగకైతే ఆ అంకె. మనం అంకె రాసిస్తే అవతల ఊళ్లో నిండు వాక్యంగా విచ్చుకునేది. నా 36 మీటలకు అసలైన పూర్వీకులు ఆ అంకెలే. 2013 జూలైలో ఈ దేశంలో తంతి సేవ ముగిసిపోయింది, అంకెలూ పోయాయి. మా పెద్దనాయన పెళ్లికి వచ్చిన తంతులు ఇంట్లో ఇంకా ఉన్నాయి. చాలావాటిలో ఉన్నది ఒకే దీవెన. పదాలు అవే, వరస అదే. అయినా వాటిని పారేయలేదు, పెళ్లి ఫొటోలతో కలిపి కట్టి ఉంచారు. ఎందుకుంచారు? నేను వాటిని పరచి చూస్తే కళ్లు దీవెన మీద ఆగలేదు, అడుగున ఉన్న పేర్ల మీద ఆగాయి. ఈయన కొలంబో నుంచి పంపాడు, ఆమె మదురై నుంచి పంపింది. అంత దూరాన, ఆ ఉదయం, ఒక మనిషి టపా ఆఫీసుకు నడిచి మనల్ని తలుచుకున్నాడన్నదే వార్త. దీవెన దాన్ని మోసుకొచ్చింది. ఈ ఆలోచన నన్ను మెల్లగా ఒక దారికి తెచ్చింది: సిద్ధంగా ఉన్న వాక్యంలో ప్రాణం సిద్ధంగా లేని చోట ఉంటుంది. ఎవరికి, ఎవరు, దేని గురించి అన్న ఖాళీల్లో.

ఈ సంగతి పాటగాళ్లకు ఏనాడో తెలుసు. మిల్మన్ పారీ అనే పండితుడు 1930లలో యుగోస్లావియా పల్లెలు తిరిగి, అక్షరం రాని గాయకులు వేల పంక్తుల వీరగాథలను అప్పటికప్పుడు ఎలా పాడుతున్నారో విన్నాడు. హోమర్‌లో పదే పదే వచ్చే విశేషణాల గురించి ఆయన అంతకుముందే చెప్పినదానికి అక్కడ రుజువు దొరికింది. ఆయన 1935లో చిన్నవయసులోనే పోతే, శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ పనిని కొనసాగించి 1960లో పుస్తకంగా తెచ్చాడు. గాయకుడి దగ్గర తయారుగా ఉన్న పదబంధాలు ఉంటాయి. గుర్రానికొకటి, తెల్లవారడానికొకటి, వీరుడు కోపగించడానికొకటి. నోరు వాటిని పలుకుతుండగా మనసు రాబోయే మలుపును వెతుక్కుంటుంది. మన బుర్రకథలో వంతలు తందాన అందుకున్నప్పుడు కథకుడికి దొరికేదీ అలాంటి తెరిపే. అంటే దాచుకున్న మాట సోమరితనం కాదు, ధ్యాస నిలవడానికి చేసిన ఏర్పాటు. కానీ అక్కడొక షరతుంది. ఆ తెరిపిలో గాయకుడు నిద్రపోడు, వచ్చే మాట కోసం లోపల పరుగెడుతుంటాడు. మీట నొక్కి మిగుల్చుకున్న ఆ కాసేపట్లో నేనేం చేస్తున్నాను? ఇంకో ఉత్తరానికి ఇంకో మీట నొక్కుతున్నానా, లేక ఈ ఉత్తరాన్నే రెండోసారి చదువుతున్నానా?

ఆ ప్రశ్న పట్టుకుని నా అరలన్నీ మళ్లీ తెరిచాను. మొదట ఎదురైన చిక్కు భాషది. నేను దాచిన వాక్యాలన్నీ ఎక్కడివి? కొన్ని హైదరాబాదు ప్రకటనల తెలుగు, కొన్ని బ్యాంకుల తెలుగు, కొన్ని ఇంగ్లీషు నుంచి దించిన తెలుగు. మా ఇంటి తెలుగు ఒక్కటీ లేదు. ఇది చిన్న వింత కాదు. ఈ దక్షిణాది ఒకప్పుడు తెలుగు వచనానికి పుట్టిల్లులాంటిది. మదురైని ఏలిన విజయరంగ చొక్కనాథ నాయకుడు 18వ శతాబ్ది తొలినాళ్లలో శ్రీరంగ మాహాత్మ్యాన్ని, మాఘ మాహాత్మ్యాన్ని వచనంలోనే రాశాడు. ఆయన ఆస్థానంలోని సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా చెప్పాడు. తెలుగుదేశంలో పద్యం రాజ్యమేలుతున్న రోజుల్లో ఇక్కడ వచనానికి కొలువు దొరికింది. 1736లో ఆ రాజ్యం ముగిసింది. తర్వాత మా ఇళ్లలో మిగిలింది నోటి తెలుగు. రాత తమిళానికి పోయింది. 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసిందిగాని, మా పల్లెల్లో చాలా ఇళ్ల పిల్లలు అంతకుముందూ తెలుగు రాయనేలేదు. కాబట్టి నేను జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు నా నోటి తెలుగుకు రాతలో అచ్చు లేదు. ఉన్న అచ్చులన్నీ వేరేవాళ్లవి.

అప్పుడు గుర్తొచ్చినవాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి, తమిళంలో రాసి, తన వాళ్లు ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన కథను 1976లో గోపల్ల గ్రామంగా చెప్పాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో పోయాడు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన నవలల పక్కన చేసిన ఇంకో పని: కరిసల్ సీమ, అంటే నల్లరేగడి నేల, మాటలన్నీ ఏరి నిఘంటువుగా కూర్చాడు. ఏ విశ్వవిద్యాలయమూ అడగలేదు. పొలంలో, రచ్చబండ దగ్గర విన్న మాట విన్నట్టే రాసుకున్నాడు. మాటను దాచడంలోనూ రెండు రకాలున్నాయని అక్కడ తెలుస్తుంది. మళ్లీ రాయనక్కర్లేకుండా దాచడం ఒకటి, మళ్లీ వినిపించేలా దాచడం ఒకటి. నా అరల్లో మొదటి రకమే ఉంది. రెండోది ఎందుకు ఉండకూడదు? ఒక పంపుల కంపెనీ జవాబుకు అంత బరువు అక్కర్లేదంటారా? నాకలా అనిపించదు. భాష ముందు బతకవలసింది ఇలాంటి చోట్లే. బిల్లు మీద, పెట్టె మీద, మోటారు ఎప్పుడొస్తుందని అడిగినవాడికిచ్చే బదులులో.

అలా మార్చడం మొదలుపెట్టాను. ముందు చింతిస్తున్నాముకు మీట తీసేశాను. దాని చోట ఏ వాక్యం పెట్టాలో చాలాసేపు తేలలేదు. చివరికి పెట్టింది వాక్యం కాదు, ఒక ఖాళీ. ఈ పనిముట్టులో అదొక మంచి గుణం. దాచిన ముక్క మధ్యలో డాలరు గుర్తు, చదరపు బ్రాకెట్లు పెట్టి ఒక పేరు రాస్తే, మీట నొక్కినప్పుడు ముక్క సరాసరి దిగిపోదు. ఒక చిన్న గడి తెరుచుకుని, ఇక్కడ ఏం రాయాలో చెప్పమని అడుగుతుంది. తేదీ, వేళ లాంటివి అది తనే నింపుకోగలదు. మనం పెట్టిన ఖాళీని మాత్రం మనమే నింపాలి. ఇప్పుడు నా మొదటి వరస ఇంత: మీ ఉత్తరం చదివినాను, పంట ఫలానా, తడి ఇన్ని రోజుల్లో కావాల. పంట పేరుకు ఒక ఖాళీ, రోజులకు ఒక ఖాళీ. రైతు రాసింది చదవకపోతే ఆ గడి నిండదు. ఉత్తరంలో ఆ సంగతి లేకపోతే ఫోను చేసి అడగవలసిందే. చదివినాను అన్న మాట అబద్ధం కాకుండా ఆ గడే కాపలా కాస్తుంది. చింత ఉందో లేదో నేను చెప్పనక్కర్లేదు, పంట పేరు రాసేసరికి ఎంతోకొంత పుడుతుంది. కనీసం నాకు పుడుతోంది.

ఆ ఖాళీకి ముందుగా ఒక విలువ పెట్టుకునే వీలు కూడా ఉంది. వరి అని రాసి ఉంచితే, వేరే పంట అయినప్పుడే మార్చుకుంటే సరిపోతుంది. లేదా నాలుగైదు పంటలు వరసగా పెట్టి ఎంచుకోవచ్చు. వేగం కావాలంటే అదే మేలు. కానీ నేను పంటకు ఆ సౌకర్యం పెట్టలేదు. ముందే నిండిన గడిని చేయి ఆగకుండా దాటిపోతుంది. మిరప రైతుకు వరి అని జవాబు పోతే, రాయకపోవడమే నయం. జిల్లాలకు మాత్రం వరస పెట్టాను, అక్కడ పొరపాటుకు తావు తక్కువ, పార్సిలు ఆఫీసుకు కచ్చితమైన పేరు కావాలి. ఆ వరసను కూడా కాలంతో పాటు తిరగరాయవలసి వచ్చింది. తెలంగాణ 2016లో 10 జిల్లాల నుంచి 31కి పెరిగింది, తర్వాత ఇంకా రెండు చేరాయి. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13ను 26 చేసింది. కర్నూలు కింద ఉండిన నంద్యాల అప్పుడు తనే జిల్లా అయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిననాడు వ్యాటు మాటలున్న వాక్యాలన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి. అదే ఏడాది నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత పద్ధతి పొడిగింపులన్నీ పనిచేయడం మానేశాయి, క్లిప్పింగ్స్‌ను కొత్త పద్ధతిలో తిరిగి కట్టవలసి వచ్చింది. దాచుకున్నామంటే అయిపోయిందని కాదు. దాచుకున్న మాటకు ఊడిగం ఉంది. దాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి, లోకం ఇంకా అలాగే ఉందా అని అడగాలి, ఒక ప్రతిని వేరే చోట పెట్టాలి.

ఇంతా చేశాక కూడా ఒక అనుమానం వదలలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో భూగర్భ జలం దిగి, ఓల్టేజీ పడి, మోటార్లు వరసగా కాలే కాలంలో నా ఖాళీలు ఎవరికి మేలు? రైతుకు కావలసింది మోటారుగాని నా వాక్యం కాదు. నేను ఒక ఉత్తరం మీద తీరిగ్గా ఆగితే ఇంకో ఉత్తరం ఆగుతుంది. తొందరగా వెళ్లిన పొడి జవాబులో కూడా దయ ఉంటుంది గదా? ఉంటుంది. అందుకే మిగతాదంతా, అంటే గ్యారంటీ కార్డు ఎక్కడ చూడాలి, స్టార్టరు ఫొటో ఎలా తీయాలి, పాత మోటారు ఏ సర్వీసు సెంటరుకు పంపాలి అన్నదంతా, ఒక్క మీట మీద పెట్టాను. ఆ మాటలు మార్చనక్కర్లేదు, మార్చితే నష్టం కూడా. ఎన్నోసారి చదివినా ఒకే అర్థం ఇవ్వాలి అవి. తాత కార్డులో క్షేమం మాటలాగా, వాటి బలం మారకపోవడంలోనే ఉంది. ఆదా అయిన కాలం అంతా పంట పేరు దగ్గర ఖర్చు పెట్టుకోవచ్చు. ఏది అందరిదో దాన్ని మీటకివ్వాలి, ఏది ఆ ఒక్కరిదో దాన్ని చేతికివ్వాలి. ఈ సరిహద్దు ఎక్కడుందో ప్రతి ఒక్కరూ తమ పనిలో తామే వెతుక్కోవాలి, నాకు దొరికిన చోటే ఇంకొకరికీ దొరుకుతుందని చెప్పలేను.

మరణవార్తలకు మాత్రం మీట పెట్టలేదు. డీలర్ల ఇళ్లలో అప్పుడప్పుడూ అలాంటివి వస్తుంటాయి. ఇక్కడ నాలో నాకే వాదన. దుఃఖంలోనే గదా మనిషికి సిద్ధమైన మాట ఎక్కువ అవసరం? సొంత మాట నోట రాని వేళ పెద్దలు అప్పగించిన మాటే ఆదుకుంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట నోటికి వచ్చి ఉండాలి, మీటకు కాదు. రోజూ చూసే అరలో, కొరియరు వాక్యానికీ బ్యాంకు ఖాతా నంబరుకూ మధ్య, ఒకరి తండ్రి కోసం ముందే రాసి పెట్టిన సానుభూతి ఎదురుచూస్తూ ఉండటం నేను భరించలేను. ఆ రెండు వరసలు కూడబలుక్కుంటూ, ఒత్తులు చూసుకుంటూ, నిదానంగానే రాస్తాను. ఈమధ్య ఉత్తరాల పెట్టెలు మనం రెండు మాటలు వేయగానే మిగతా వాక్యం తామే చూపిస్తున్నాయి. జీమెయిల్ 2018లోనే ఆ సదుపాయం తెచ్చింది. అవి ఇంగ్లీషులో చూపే వాక్యాలు నా వాటికంటే చక్కగానే ఉంటాయి. తేడా ఏమంటే, నా అరలో ఉన్నది నేను ఒకనాడు ఆలోచించి రాసి, ఎందుకు రాశానో గుర్తున్న మాట. అది నాకు ముందు రాదు, నా వెనక నడుస్తుంది.

మొన్న మదురై వైపు ఉన్న మా పెద్దమ్మ మనవరాలు నా అరల ఫైలు పంపమంది. తను ఒక విత్తనాల కొట్టులో ఇలాంటి పనే చేస్తుంది, ఇంట్లో తెలుగే, అక్షరాలు కొత్తగా దిద్దుకుంటోంది. పంపాను. వారం తిరక్కుండా నా మొదటి వరసలోని "కావాల" అన్న మాటను తీసేసి వాళ్ల ఇంటి వాడుక పెట్టుకుంది, పంటకు పెట్టిన ఖాళీ పక్కన నేల రంగుకు ఇంకో ఖాళీ పెట్టింది. విత్తనం అడిగేవాడికి నేల సంగతే ముందు గదా. రెండు ఫైళ్లూ ఒకటి చేసుకుందామా అక్కా అని అడిగింది. వద్దన్నాను. ఒకటి చేస్తే అది మళ్లీ అందరికీ సరిపోయే, ఎవరిదీ కాని అచ్చు అవుతుంది. తన ఖాళీలు తను కోసుకోవాలి, నావి నేను. కోయంబత్తూరులో, మదురైలో, హోసూరులో తెలుగు మాట్లాడుతూ తమిళంలో సంతకం పెట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక్కో ఇంట్లో ఒక్కరు తాము రోజూ చెప్పే పది మాటలను తమ నోట వచ్చినట్టే తెలుగు అక్షరాల్లో దాచుకుని, ఎదుటివాడి పేరుకూ పంటకూ చోటు వదిలిపెడితే చాలు. విజయరంగ చొక్కనాథుడి తర్వాత ఆగిన మా రాత మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుందని నేను మనసారా నమ్ముతున్నాను.